స్టెల్‌వాగన్ గట్టు మీద తిమింగలాల భోజనవేళ

తిమింగలాలను చూడడానికి పడవెక్కే వారిలో చాలామంది, ఆ భారీ జీవి నీళ్లలోంచి పైకెగిరి దబ్బున పడే క్షణం కోసం కెమెరాలు సిద్ధం చేసుకుని నిలబడతారు. అది చూడదగ్గ దృశ్యమేనని ఒప్పుకుంటాను. అయితే మసాచుసెట్స్‌లో స్థిరపడ్డాక, వేసవి వచ్చినప్పుడల్లా కేప్ కాడ్ కొసన ఉన్న ప్రావిన్స్‌టౌన్‌కు వెళ్లి సముద్రం మీద తిరిగి వస్తున్న కొద్దీ నాలో ఒక అభిప్రాయం బలపడింది. హంప్‌బ్యాక్ తిమింగలం ఎలాంటిదో నిజంగా తెలియాలంటే అది తింటున్నప్పుడు చూడాలి. దాని నేర్పూ, ఓపికా, తోటిదాన్ని చూసి నేర్చుకునే తెలివీ అన్నీ అక్కడే బయటపడతాయి.

ఈసారి జూన్ చివరి వారంలో మా మేనమామను వెంటబెట్టుకుని వెళ్లాను. ఆయన కాకినాడలో మత్స్యశాఖలో పనిచేసి పదవీ విరమణ చేశారు. వలలు, పడవలు, చేపల గుంపుల కదలికలు ఆయనకు కొట్టినపిండి. తిమింగలం ఆహారపు వేట గురించి ఆయన ఏమంటారో వినాలని నాకు మొదటి నుంచీ కోరికగా ఉండేది.

సాగమోర్ వంతెన దాటి రూట్ 6 పట్టుకుంటే, ఆ రోడ్డు భూమి ఉన్నంత మేరా సాగి చివరకు ప్రావిన్స్‌టౌన్‌లోనే ఆగుతుంది. ఊరి మధ్య 252 అడుగుల ఎత్తున పిల్‌గ్రిమ్ స్మారక స్తంభం దూరం నుంచే కనిపిస్తుంది. 19వ శతాబ్దంలో ఈ రేవు నుంచే తిమింగలాల వేటకు ఓడలు బయలుదేరేవి. అదే రేవులో 1975లో అల్ అవెల్లార్ అనే కెప్టెన్ తిమింగలాలను చూపించి తీసుకువచ్చే పర్యటనలు ప్రారంభించారు. అమెరికా తూర్పు తీరంలో ఇటువంటివి అవే మొదటివి. ఆ ఏడాదే ఆయన గుర్తుపట్టిన ఒక ఆడ హంప్‌బ్యాక్‌కు, దాని వీపు రెక్క మీద ఉప్పు చల్లినట్టున్న తెల్లని మచ్చల వల్ల సాల్ట్ అనే పేరు వచ్చింది. 1980లో ఆమె క్రిస్టల్ అనే పిల్లను వెంటబెట్టుకుని ఈ నీళ్లకు వచ్చింది, ఆ తరువాత మరెన్నో పిల్లలను కని మునిమనవలను కూడా చూసింది. తోక అడుగుభాగాన ఉండే నలుపు తెలుపుల తీరు ఏ రెండు హంప్‌బ్యాక్‌లకూ ఒకేలా ఉండదు కనుకనే ఇలా ఒక్కొక్క ప్రాణినీ దశాబ్దాల పాటు గుర్తుపట్టగలుగుతున్నారు.

మాక్‌మిలన్ వార్ఫ్ నుంచి పడవ కదిలింది. లాంగ్ పాయింట్, వుడ్ ఎండ్ దీపస్తంభాలను దాటి రేస్ పాయింట్ మలుపు తిరిగేసరికి గాలి ఒక్కసారిగా చల్లబడింది. జూన్ నెలే కదా అని పలచని చొక్కాతో వచ్చిన వాళ్లందరూ లోపలికి వెళ్లిపోయారు. మామయ్య మాత్రం ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కుని, అల్లం మొరబ్బా ముక్క బుగ్గన పెట్టుకుని, ముందుభాగంలోని కటకటాల దగ్గరే నిలబడ్డారు.

మేం వెళుతున్నది స్టెల్‌వాగన్ గట్టుకు. కేప్ కాడ్‌కూ కేప్ ఆన్‌కూ మధ్య సముద్రం అడుగున ఉన్న ఇసుక పీఠభూమి అది. హిమయుగంలో మంచు పలకలు ఈడ్చుకొచ్చిన ఇసుకా కంకరా ఇక్కడ పేరుకుపోయాయి. ఒకప్పుడు ఇది నీటిపైన ఉన్న నేల అనడానికి, జాలర్ల వలలకు ఇక్కడ మామత్‌ల, అంటే అంతరించిపోయిన హిమయుగపు ఏనుగుల, దంతాలు చిక్కడమే సాక్ష్యం. అమెరికా నౌకాదళానికి చెందిన హెన్రీ స్టెల్‌వాగన్ 1854లో దీనిని సర్వే చేసి పటాల్లోకి ఎక్కించారు. 1992లో ఈ ప్రాంతాన్ని జాతీయ సాగర అభయారణ్యంగా ప్రకటించారు. గట్టు మీద లోతు సుమారు 100 అడుగులుంటే, చుట్టుపక్కల 300 అడుగులకు పైనే ఉంటుంది. లోతులో సాగే ప్రవాహాలు ఈ గట్టు వాలును ఢీకొని పైకి లేస్తాయి. వాటితో పాటు అడుగున ఉన్న పోషకాలు వెలుతురు తగిలే నీటిలోకి వస్తాయి. ఆ పోషకాల వల్ల నీళ్లలో తేలియాడే సూక్ష్మజీవులైన ప్లవకాలు పెరుగుతాయి, ప్లవకాలను తినడానికి శాండ్ లాన్స్ చేపలు చేరతాయి, ఆ చేపల కోసం తిమింగలాలు వస్తాయి. శాండ్ లాన్స్ జానెడు పొడవు కూడా ఉండదు, పెన్సిల్‌లా సన్నగా ఉంటుంది, పగలు నీళ్లలో గుంపులుగా తిరిగి రాత్రి ఇసుకలో దూరి దాక్కుంటుంది. ముప్పై టన్నుల ప్రాణి ఏడాది పొడవునా బతకడానికి ఇంత చిన్న చేప మీద ఆధారపడడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. చలికాలంలో ఈ తిమింగలాలు పిల్లలను కనడానికీ జతకట్టడానికీ డొమినికన్ రిపబ్లిక్ ఉత్తరాన ఉన్న సిల్వర్ బ్యాంక్ వంటి వెచ్చని నీళ్లకు వెళతాయి. అక్కడ వాటికి దాదాపు తిండే ఉండదు. ఇక్కడ తిన్నదాన్ని కొవ్వుగా దాచుకుని ఆ నెలలన్నీ గడపాలి, తల్లి అయితే ఆ కొవ్వులోంచే బిడ్డకు పాలు కూడా ఇవ్వాలి.

గట్టు దక్షిణపు మూలకు చేరేసరికి మొదట కనిపించినవి పక్షులు. గల్ పక్షులు ఒకచోట సుడి తిరుగుతూ అరుస్తున్నాయి. షియర్‌వాటర్ పక్షులు నీటికి ఆనుకుని ఎగురుతూ మధ్యమధ్య తల ముంచుతున్నాయి. పడవలోని నేచురలిస్ట్, అంటే వ్యాఖ్యానం చెబుతూ వివరాలు నమోదు చేసే యువతి, రెండు గంటల దిశలో చూడమని మైకులో చెప్పింది. కెప్టెన్ వేగం తగ్గించాడు. ఈ తీరంలో పాటించే మార్గదర్శకాల ప్రకారం తిమింగలానికి అర మైలు లోపలికి వచ్చిన పడవ 7 నాట్లు, అంటే గంటకు సుమారు 13 కిలోమీటర్ల వేగం మించి పోకూడదు, 100 అడుగుల కంటే దగ్గరకు కావాలని వెళ్లకూడదు. మేం ఆగిన తరువాత అవే మా వైపు వచ్చాయి.

మొదట నీటిలో ఆకుపచ్చని వెలుగొకటి కదిలింది. అది హంప్‌బ్యాక్ పక్క రెక్క. అట్లాంటిక్ హంప్‌బ్యాక్‌ల పక్క రెక్కలు తెల్లగా, పదిహేను అడుగుల దాకా పొడవుంటాయి. లోతులో ఉన్నప్పుడు ఆ తెలుపే పచ్చగా మెరుస్తుంది. ఆ వెలుగు మాయమైన కాసేపటికి నీటి పైన ఒక బుడగల గుంపు పొంగింది. దాని పక్కనే మరొకటి, ఆ పక్కన ఇంకొకటి. చూస్తుండగానే అవి వంపు తిరిగి, అందాజుగా ముప్పై అడుగుల వెడల్పున లేత ఆకుపచ్చ వలయంగా ముడిపడ్డాయి. వలయం లోపల నీరు సన్నగా చిటపటలాడింది. తప్పించుకోవాలని శాండ్ లాన్స్ పైకి ఎగురుతున్నాయి. అంతలోనే ఆ మధ్య నుంచి తెరిచిన నోరు నిట్టనిలువునా లేచింది. గులాబి రంగు అంగిలి, దాని అంచున నల్లని కుచ్చుల్లా వేలాడే బలీన్ పలకలు, గడ్డం నుంచి బొడ్డు దాకా ఉండే ముడతలన్నీ విచ్చుకుని ఉబ్బిపోయిన గొంతు, అన్నీ ఒక్కసారిగా కనిపించాయి. నోటి అంచున ఎగిరిపడుతున్న చేపలను గల్ పక్షులు తిమింగలం దవడ మీదనే నిలబడి ఏరుకున్నాయి. దవడలు మూసుకున్నాక గొంతు నెమ్మదిగా లోపలికి కుంచించుకుపోయింది. పట్టిన నీరంతా బలీన్ పలకల సందుల్లోంచి ధారలుగా బయటికి పోయింది, చేపలు లోపల మిగిలాయి. ఆ తరువాత వదిలిన ఊపిరి గాలివాటున మా మీదికి వచ్చింది. కుళ్లిన చేపల వాసన అది. ముక్కు మూసుకోని వారు మా మామయ్య ఒక్కరే.

“చూశావా అమ్మాయీ, మన రింగు వలవాళ్లు చేసేదీ ఇదే. ముందు చుట్టూ వల దింపుతారు, తరువాత అడుగు బిగిస్తారు, అప్పుడు పైకి లాగుతారు. దీనికి పడవ లేదు, తాడు లేదు, ఊపిరే వల” అన్నారాయన.

“మరి అడుగు బిగించేది ఏది మామయ్యా?” అని అడిగాను.

“అడుగు నుంచి వస్తున్నది నోరే కదా, ఇంకెక్కడికి పోతుంది చేప?” అన్నారు. బుడగల తెరను దాటడానికి చేపలు జంకుతాయి, కింది నుంచి నోరు వస్తుంది, పైన గాలీ పక్షులూ ఉంటాయి. చేపలకు ఏ వైపూ దారి మిగలదు.

ఆ రోజు అన్నిటికంటే నన్ను ఆకట్టుకున్నది రెండో తిమింగలం. మొదటిది నిశ్శబ్దంగా మునిగి బుడగలు వదిలితే, ఇది అలా చేయలేదు. మునిగే ముందు తోకను గాల్లోకి ఎత్తి నీటిని బలంగా చరిచింది. ఆ చప్పుడు పడవ ఇనుములోంచి కాళ్లకు తెలిసింది. నురగ లేచిన చోటనే మునిగి, ఆ నురగ చుట్టూ బుడగలు వదిలి, తరువాత నోరు తెరుచుకుని పైకి వచ్చింది. మళ్లీ మళ్లీ అదే వరుస, ఒక్కసారి కూడా మారలేదు. దీనిని ఇక్కడివారు కిక్ ఫీడింగ్ అంటారు. ఈ పద్ధతిని ఈ ప్రాంతంలో మొదటిసారి 1980లో ఒకే ఒక్క తిమింగలం చేస్తుండగా చూశారు. ఆ రోజుల్లో ఇక్కడ హెర్రింగ్ చేపలు బాగా తగ్గిపోయి శాండ్ లాన్స్ విపరీతంగా పెరిగాయి. దొరికే తిండి మారినప్పుడు పట్టే పద్ధతీ మారిందన్నమాట. 2007 నాటికి ఈ ప్రాంతపు హంప్‌బ్యాక్‌లలో మూడో వంతుకు పైగా ఈ విద్య నేర్చేశాయి. 2013లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం, ఇరవై ఏడేళ్ల నమోదులను పరిశీలించి, ఈ అలవాటు తోటివారిని చూసి నేర్చుకోవడం ద్వారానే ప్రధానంగా వ్యాపించిందని తేల్చింది. ఎవరితో ఎక్కువ కాలం గడుపుతాయో వారి నుంచే నేర్చుకుంటున్నాయి. ఆ నమోదులలో అత్యధిక భాగం ఇటువంటి పర్యాటక పడవల మీద, మాలాంటి ప్రయాణికుల నడుమ నిలబడి రాసుకున్నవే. టిక్కెట్టు కొని వచ్చిన వారి సరదా యాత్ర ఒక జాతి జీవుల విద్యాచరిత్రను రాయడానికి పనికివచ్చిందంటే నాకు ఎంతో సంతృప్తిగా ఉంటుంది.

మాకు కనిపించని వేట కూడా ఒకటుంది. రాత్రివేళ శాండ్ లాన్స్ ఇసుకలోకి దూరినప్పుడు తిమింగలాలు ఊరుకోవు. రబ్బరు కప్పులతో వీపు మీద అంటించి, కొన్ని గంటల తరువాత ఊడివచ్చే పరికరాల ద్వారా శాస్త్రవేత్తలు వాటి కదలికలను తెలుసుకున్నారు. అవి అడుగుకు వెళ్లి, పక్కకు ఒరిగి, సముద్రపు నేలను ఆనుకుని పదే పదే దొర్లుతున్నాయని తేలింది. రెండో తిమింగలం పైకి లేచినప్పుడు దాని కుడి దవడ మీద చర్మం గీసుకుపోయి తెల్లబడి ఉండడాన్ని నేచురలిస్ట్ వేలు పెట్టి చూపించింది. ఇసుకా కంకరా రాసుకుని పడిన గుర్తులవి.

పడవలో ఒక పిల్లవాడు, మనిషి పడితే మింగేస్తుందా అని అడిగాడు. 2021 జూన్‌లో ఈ ఊరి పక్కనే లాబ్‌స్టర్లు పట్టే ఒక గజ ఈతగాడు ఒక హంప్‌బ్యాక్ నోట్లో చిక్కి, సుమారు అరనిమిషంలో బయటికి ఉమ్మివేయబడి ప్రాణాలతో బయటపడ్డాడు. చేపల గుంపు మీదికి నోరు తెరిచినప్పుడు అతడు అడ్డం వచ్చాడంతే. గొంతు సన్నం కనుక మనిషిని మింగడం దానికి సాధ్యమయ్యే పని కాదు.

మనిషి వల్ల దానికి వచ్చే ముప్పు మాత్రం చిన్నది కాదు. రెండో తిమింగలం తోక మొదట్లో చుట్టూ ఒరుసుకుపోయిన పాత గాయం ఉంది. అది తాడు కోత. ఈ ప్రాంతంలోని హంప్‌బ్యాక్‌లలో సగానికి పైగా చేపల వేట తాళ్లలో ఎప్పుడో ఒకప్పుడు చిక్కుకున్న మచ్చలతోనే తిరుగుతున్నాయి. మామయ్య ఆ మచ్చను చాలాసేపు చూసి, వీటిని విడిపించేవారెవరైనా ఉన్నారా అని నాచేత నేచురలిస్ట్‌ను అడిగించారు. ప్రావిన్స్‌టౌన్‌లోని సెంటర్ ఫర్ కోస్టల్ స్టడీస్ బృందం 1984లో ఐబిస్ అనే హంప్‌బ్యాక్‌ను వల నుంచి విడిపించడంతో ఆ పని మొదలుపెట్టింది. తిమింగలం వెంట ఈడ్చుకుపోతున్న తాడుకు పెద్ద తేలుడు బుంగలు తగిలిస్తారు. అది లోతుకు పోలేక, వేగంగా ఈదలేక అలసిపోయి నిదానించాక, పొడవాటి కర్రలకు బిగించిన కత్తులతో తాళ్లు కోస్తారు. తేలే పీపాలు కట్టి అలసట పుట్టించే ఆ ఉపాయం పూర్వం తిమింగలాలను చంపినవారిదే. ఓడలు ఢీకొనే ప్రమాదాన్ని తగ్గించడానికి బోస్టన్ రేవుకు వచ్చే ఓడల దారిని 2007లో ఈ గట్టు మీద తిమింగలాలు ఎక్కువగా మేసే భాగం నుంచి పక్కకు జరిపారు. వేట తాళ్లకు అటువంటి ఒక్క గీతతో పరిష్కారం దొరకదు. జాలరి బతుకూ తిమింగలం బతుకూ ఒకే చేప మీద, ఒకే నీటి మీద నడుస్తున్నాయి. మత్స్యశాఖలో జీవితమంతా గడిపిన మామయ్య దీని మీద దారి పొడవునా మాట్లాడుతూనే ఉన్నారు. కత్తిరించగలిగే తాళ్లు వాడాలని ఒకసారి, బరువు పడితే తెగిపోయేవి వాడాలని మరొకసారి అన్నారు. రెండో రకం తాళ్లను ఈ తీరంలో ఇప్పటికే వాడుతున్నారని నేచురలిస్ట్ చెప్పినప్పుడు ఆయన ముఖం విప్పారింది.

వెళ్లదలచిన వారికి ఒకటి రెండు మాటలు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పర్యటనలు ఉంటాయి, ఒక్కొక్కటి మూడున్నర గంటల పైచిలుకు. ఎండ ఎంత ఉన్నా గాలిని ఆపే కోటు తీసుకువెళ్లండి. నీటి మీది మెరుపును తగ్గించే పోలరాయిడ్ కళ్లద్దాలుంటే పచ్చని రెక్కలూ బుడగల వలయాలూ ముందుగానే కనిపిస్తాయి. పై అంతస్తులో నిలబడితే వలయం పూర్తి ఆకారం తెలుస్తుంది, కింద నిలబడితే నోటి లోపలి భాగం తెలుస్తుంది. తిమింగలం మునిగిందని కెమెరా దించేయకండి. పక్షులు ఎటు జరుగుతున్నాయో గమనిస్తూ ఉంటే మొదటి బుడగ ఎక్కడ లేస్తుందో మీకే తెలుస్తుంది.