బొబ్బట్టు ఈత చదువు: మే నుంచి జులై వరకు

మే 3

బొబ్బట్టుకు పద్దెనిమిది వారాలు. లేత పసుపు లాబ్రడార్ కుక్కపిల్ల, బరువు 15 కిలోలు. టీకాల వరుస పూర్తయింది, నీళ్లలోకి దింపవచ్చని పశువైద్యురాలు చెప్పారు. మా ఇల్లు డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో. పెరట్లోని ఈతకొలను ఇంటితోపాటు వచ్చింది: ఒక పక్క మూడున్నర అడుగుల లోతు, రెండో పక్క ఆరు.

రాజమండ్రికి ఫోను చేసి చెబితే నాన్న పగలబడి నవ్వారు. "కుక్కకు ఈత నేర్పుతావా? చేపపిల్లకు కూడా నేర్పు!" ఆయన నడుముకు సొరకాయ బుర్ర కట్టుకుని చెరువులో నేర్చుకున్న మనిషి. ఆయన మాటలో తప్పు లేదు. ఈ జాతి పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో జాలర్లతో కలిసి పనిచేసినవి. వేళ్ల మధ్య చర్మం, తడి అంటని రెండు పొరల బొచ్చు, తెడ్డులాంటి తోక, అన్నీ ఉన్నాయి. కానీ చెరువుకైనా ఏటికైనా ఏటవాలు గట్టు ఉంటుంది. ఈతకొలనుకు నాలుగు వైపులా నిట్టనిలువు గోడలు. ఈదడం వచ్చిన కుక్క కూడా బయటపడే దారి తెలియక, గోడ గీరి గీరి అలసి మునిగిపోతుంది. అందుకే నా మొదటి పాఠం ఈత కాదు, మెట్లు.

మే 4 నుంచి 10

మెట్ల పక్కన గుర్తుగా ఎర్ర కుండీ పెట్టాను. కుక్కలకు ఎరుపు మసకగా, మట్టిరంగులా కనిపిస్తుందని, నీలం, పసుపు బాగా తెలుస్తాయని తర్వాత తెలిసింది. పసుపు కుండీ తెచ్చి మందార నాటాను. (ఇక్కడ ప్రతి వీధిలో కనిపించే గన్నేరు మాత్రం వద్దు, అది కుక్కలకు విషం.)

రోజుకు రెండుసార్లు, ఐదేసి నిమిషాలు. మొదటి మెట్టు మీద పాదాలు తడిసేంత నీళ్లు, చేతిలో ఉడికించిన చికెన్ ముక్కలు. దిగినందుకు ఏమీ లేదు, ఎక్కినందుకే ముక్క. రెండో రోజు ఉదయం వణికింది. నీళ్లు 76 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 24 సెల్సియస్. మనకు హాయిగానే ఉంటుంది, ఒంట్లో కొవ్వు లేని పిల్లకు చలి. అప్పటి నుంచి పాఠం మధ్యాహ్నానికి మార్చాను.

మే 17

లైఫ్ జాకెట్ వచ్చింది. వీపు మీద పట్టుకుని పైకి లేపడానికి పిడి ఉన్నదే కొన్నాను. పట్టీకీ ఒంటికీ మధ్య రెండు వేళ్లు దూరాలి, మూడు దూరితే వదులు. ఇంట్లో తొడిగితే పెళ్లిపీటల మీద కూర్చున్నట్టు కదలకుండా కూర్చుంది. మూడు రోజులు అలాగే అన్నం పెట్టాక మామూలైంది.

నేను నడుము లోతు నీళ్లలో నిలబడి పొట్ట కింద చేయి పెట్టాను. ముందు కాళ్లతో నీళ్లు చరుస్తోంది, వెనక భాగం కిందికి జారుతోంది, మనిషిలా నిలువుగా అయిపోతోంది. తుంటి కొంచెం పైకి ఎత్తగానే వెనక కాళ్లు కూడా పనిలోకి దిగాయి. నాలుగడుగులు ఈదింది, మెట్లెక్కింది, ముక్క తింది.

మే 31

నా తప్పు రాసుకోవాలి. వీడియో బాగా వస్తుందని లోతు పక్కన గట్టు మీద నిలబడి పిలిచాను. మెట్లవైపు తిరిగిన పిల్ల నా గొంతు విని ఇటు వచ్చింది. గోడకు రెండు కాళ్లూ ఆనించి గీరడం మొదలుపెట్టింది. నేను ముఖంలో ముఖం పెట్టి "అటు, అటు" అంటుంటే ఇంకా గట్టిగా గీరింది. దానికి నేనే గట్టు మరి. చివరికి పిడి పట్టి పైకి లాగాను. గోళ్ల చివరలు అరిగి ఎర్రబడ్డాయి.

రెండు వారాలుగా అది నేర్చుకున్నది మెట్లను కాదు, నేను ఎక్కడుంటే అక్కడికి రావడాన్ని! మర్నాటి నుంచి కొత్త పద్ధతి: పాఠానికో మూల నుంచి వదలడం, నేను వెనకే ఈదడం, గట్టు మీద ఎవరూ పిలవకపోవడం, చికెన్ గిన్నె కుండీ పక్కనే ఉండటం.

జూన్ 14

పాత టెన్నిస్ బంతి విసిరాను, పది పన్నెండుసార్లు తెచ్చింది. తర్వాత పొట్ట ఉబ్బింది, నీళ్లు కక్కింది, గంటలో నాలుగుసార్లు మూత్రం. వైద్యురాలికి ఫోను చేస్తే చాలా జాగ్రత్తలు చెప్పారు. బంతి కోసం నోరు తెరిచిన ప్రతిసారీ నీళ్లు మింగుతుంది. అతిగా మింగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. తూలడం, చొంగ కార్చడం, చూపు నిలిచిపోవడం కనిపిస్తే ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లమన్నారు. మాది అంతదాకా రాలేదు. బంతికి బదులు పలుచని రబ్బరు బిళ్ల వాడుతున్నాను, నోరు దాదాపు మూసే పట్టుకుంటుంది. పది నిమిషాలకు ఒకసారి బయట విశ్రాంతి.

జూన్ 28

చిల్లర పనులు. క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఒకటి నుంచి మూడు) మధ్య, పీహెచ్ (నీళ్ల ఆమ్ల-క్షార స్థాయి) 7.2 నుంచి 7.8 మధ్య ఉంటేనే దించుతున్నాను. ఈత అయ్యాక మంచినీళ్లతో స్నానం, చెవులు తుడిచి ఆరబెట్టడం. వేలాడే చెవుల్లో తడి నిలిస్తే చీము పడుతుంది. గట్టు సిమెంటు మీద అరచేయి వెనక భాగం ఐదు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలకూ వద్దు. నీళ్లు వేడెక్కడానికి పరిచే ప్లాస్టిక్ తెరను చుట్టి షెడ్డులో పడేశాను: నేల అనుకుని అడుగు వేస్తే కిందికి జారి, పైకి రాలేకపోవచ్చు. కంచె ఊచల మధ్య సందులకు రెండడుగుల ఎత్తు జాలీ బిగించాను. వడపోత బుట్టలో రోజూ పిడికెడు బొచ్చు; దానికి ఉపాయం దొరకలేదు.

జులై 12

నాన్న వచ్చి వారమైంది. "కుక్కతోక పట్టుకుని గోదావరి ఈదినట్టు" అనే సామెతను రోజుకొకసారి వినిపిస్తున్నారు. ఈ రోజు మొదటిసారి జాకెట్ తీసేసి, పక్కనే ఈదుతూ లోతు మూల నుంచి వదిలాను. పిలవవద్దని చెప్పినా నాన్న గట్టు మీద కూర్చుని కాళ్లు నీళ్లలో ఆడిస్తూ "బొబ్బట్టూ, ఇటు రావే" అన్నారు. అది ఒక్కసారి ఆయన వైపు చూసింది. చూసి, ఆయన పాదాల పక్కనుంచే పసుపు కుండీ వైపు సాగిపోయింది.

"ఇదేమిటిరా, నన్ను లెక్కే చేయలేదు" అన్నారు నాన్న. చికెన్ గిన్నె ఆయన చేతికే ఇచ్చాను.