హ్యాష్ చేశాం కదా, ఇంకేం కావాలన్నారు

మొత్తానికి నిన్న రాత్రి డేటా చేతికొచ్చింది. షుగర్ ఉన్నవాళ్ళకు కిడ్నీలు దెబ్బతినడం మీద నా పీహెచ్‌డీ. దానికి ఓ ప్రైవేటు ఆసుపత్రి పాత రికార్డులు కావాలి. ఎథిక్స్ కమిటీ అనుమతి తేలిగ్గానే వచ్చింది. నరకమంతా ఆసుపత్రి ఐటీ విభాగంలో చూశాను.

వాళ్ళు పంపిన నమూనాలో పేర్లు లేవు. ఫోన్ నంబరు స్థానంలో ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ ఉంది, అంటే ఓ లెక్కతో నంబరుని మార్చేసిన 64 అక్షరాల గజిబిజి. ఒకే నంబరుకి ఎప్పుడూ ఒకే గజిబిజి వస్తుంది, దాన్నుంచి నేరుగా నంబరు వెనక్కి రాదు. "ఇంక దేవుడు కూడా కనిపెట్టలేడండీ" అన్నారు మేనేజరు గారు. మన మొబైల్ నంబరుకి పది అంకెలు, మొదటిది 6 నుంచి 9 లోపే. ఎంత లెక్కేసినా 400 కోట్లు దాటవు. వాటన్నిటికీ హ్యాష్ కట్టి పోల్చడం మంచి గ్రాఫిక్స్ కార్డున్న ల్యాప్‌టాప్‌కి నిమిషాల పని. 2014లో హ్యాష్ చేసి వదిలిన న్యూయార్క్ టాక్సీల నంబర్లు బయటపడింది ఇలాగేనని చెప్పాను. "అది అమెరికా అండీ" అన్నారు.

సరేనని ఆయన నంబరుకే హ్యాష్ కట్టి ఇమ్మన్నాను. టీ వచ్చేలోపు ఆయన నంబరు ఆయనకే చదివి వినిపించాను. మెచ్చుకుంటారని ఆశపడలేదు గానీ, 'మీ విద్యార్థి మా సిస్టమ్ హ్యాక్ చేశాడు' అని మర్నాడే మా గైడ్‌కి లెటర్ పెడతారనీ అనుకోలేదు. డిపార్ట్‌మెంటులో అందరి ముందూ కూర్చుని వివరణ రాసిచ్చాను. "వాళ్ళతో నీకెందుకయ్యా, ఇచ్చింది తీసుకోక" అని మేడం అనడం ఇంకా మండించింది. పైగా పరిశోధనకి 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో మినహాయింపు ఉందట! ఉంది, షరతులతో. ఆ షరతులు చదివినవాళ్ళెవరు?

అసలు చిక్కు విప్పింది రికార్డ్స్ గుమాస్తా గారు. 91 ఏళ్ళు, ఆడ, ఫలానా పిన్‌కోడ్, డయాలసిస్ అన్న వరుస చూసి, "పేరెందుకు సార్, ఈవిడ మా ఊరి షావుకారు గారి తల్లి" అనేశారు. 1990లలో లటాన్యా స్వీనీ అనే పరిశోధకురాలు అమెరికాలోని మసాచుసెట్స్ గవర్నరు వైద్య రికార్డుని పుట్టినతేదీ, పోస్టల్ కోడ్, ఆడా మగా అన్న వివరాలతోనే పట్టేసింది. అప్పటికి ఆవిడా నాలాగే విద్యార్థిని.

మిగతాది చకచకా అయింది. 85 దాటినవాళ్ళంతా ఒకే వర్గం. పిన్‌కోడ్‌లో మొదటి మూడంకెలే. వయసు, పిన్‌కోడ్, ఆడా మగా ఒకేలా ఉన్న ఏ గుంపులోనైనా కనీసం ఐదుగురు. హ్యాష్ తీసేసి ర్యాండమ్ నంబర్లు, ఏ నంబరు ఎవరిదో తెలిపే పట్టిక రికార్డ్స్ బీరువాలో. మీరెవరైనా ఈ పనిమీద వెళ్తే ముందు రికార్డ్స్ విభాగానికే వెళ్ళండి, ఐటీ వాళ్ళ ఏసీ గదికి కాదు.

ఐదుగురు లేని గుంపులు తీసేశాక నా శాంపిల్ కొంత తగ్గింది, రివ్యూయర్లు పట్టుకుంటారు. మేనేజరు గారు మాత్రం ఇప్పుడు మిగతా విభాగాలకు 'ఉత్త హ్యాష్ చాలదు' అని క్లాసు పీకుతున్నారట. నా పేరు ఎత్తితే ఒట్టు.