కరిగినట్టా, కరగనట్టా?

అమ్మ రెండుసార్లు లైటు ఆర్పమంది. నీళ్లలోని వెండి నానో రేణువుల మీద ఒక పట్టిక చూస్తున్నా, అందులో ఒక్క గడి మాత్రం నన్ను వదలడం లేదు. ‘కరిగిన వెండి’ అని రాసుంది. ఎలా తేల్చారయ్యా అంటే, 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లోంచి కిందికి దిగింది కాబట్టి. 0.45 మైక్రాన్లంటే 450 నానోమీటర్లు. వెతుకుతున్న రేణువేమో 20. జల్లెడలోంచి పిండి రాలితే పిండి కరిగిందంటామా?

నా గోల మీకు కొత్త కాదు. వెండి రేణువు వేరు, వెండి అయాన్ వేరు. నీళ్లలోని ఆక్సిజన్ రేణువు పైపొరని తింటుంటే అయాన్లు ఊడొస్తాయి. నీరు ఆమ్లం వైపు ఉంటే ఇంకా త్వరగా. వచ్చిన అయాన్ ఖాళీగా ఉండదు, క్లోరైడ్ దొరికితే దానితో, కుళ్లిన ఆకుల్లోంచి వచ్చే హ్యూమిక్ పదార్థం దొరికితే దానితో జట్టు కడుతుంది. మురుగు కలిసిన నీళ్లలో సల్ఫైడ్ దొరికిందా, ఇక దాదాపు విడిపోదు. అమ్మ పట్టీలు నల్లబడేదీ ఆ వెండి సల్ఫైడ్‌తోనే. డాఫ్నియా అనే చిన్న నీటి జీవికి హాని చాలావరకు విడి అయాన్‌తో. మరి ఆ ఒక్క గడి తప్పితే మిగతా లెక్క దేనికి?

ఇంత తిట్టాక చెరువు నీళ్లు వడకట్టే తీరు గుర్తొచ్చి కోపం సగం దిగింది. మొదట జారినంత సులువుగా తర్వాతి నీళ్లు జారవు. తెల్లటి పొర మీద ఆకుపచ్చ జిగురు పేరుకుని రంధ్రాలు ఇరుకైపోతాయి. పేరుకే 450, పనిలో అంతకన్నా బాగా తక్కువ. పైగా గట్టి నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం రేణువుల్ని ముద్దలు కట్టిస్తాయి. సోడియంకి పట్టే మోతాదులో చిన్న వంతు చాలు వాటికి. ఆ ముద్దలు ఫిల్టర్ మీదే ఆగిపోతాయి. అంటే ఆ అంకె ఎక్కువ వేసిందా, తక్కువ వేసిందా? ఏదైనా కావచ్చు.

టైటానియం డయాక్సైడ్ రేణువుదీ ఇదే పేచీ. పీహెచ్ 6 దాటితే దాని ఒంటికి నెగెటివ్ ఛార్జ్, విషపు లోహం కాడ్మియం వచ్చి అతుక్కుంటుంది. నీళ్లలో కాడ్మియం తగ్గిందని సంబరపడేలోపే డాఫ్నియా ఆ రేణువుల్ని మింగేస్తుంది. మైక్రోస్కోప్‌లో కింది నుంచి వెలుగు వేస్తే పేగు నల్లటి దారంలా కనిపిస్తుంది. ముచ్చటగానే ఉంటుంది. ఒళ్లంతా యాసిడ్‌లో కరిగించి కొలిస్తే మాత్రం పేగులో సరుకు కూడా ఒంటికి పట్టినట్టే లెక్కలోకొస్తుంది. ముందు శుభ్రమైన నీళ్లలో ఆల్గే మేత వేసి ఉంచాలి. మేత వెనక నుంచి నెట్టకపోతే పేగు సరిగ్గా ఖాళీ కాదు.

వెండికైతే 3 కిలోడాల్టన్ల (అణువుల బరువుని బట్టి చెప్పే కొలత) అల్ట్రాఫిల్టర్‌లో పోసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాలి, రంధ్రాలు సుమారు 2 నానోమీటర్లు. నైట్రిక్ యాసిడ్ పోసేది వడకట్టాకే. ముందే పోస్తే రేణువులూ కరిగి అన్నీ అయాన్లే అవుతాయి. ఆ పొర కూడా వెండి అయాన్లని పట్టేసుకుంటుంది కాబట్టి ముందుగా 0.1 మోలార్ కాపర్ నైట్రేట్‌తో తడిపి దాని ఆకలి తీరుస్తారు.

బాగానే ఉంది. ఆ పట్టికలో వెండి పక్క గడి కాపర్‌ది.