బాణం గుర్తు వేయకుండా లెక్క చేస్తే

ఇంటర్ సెకండియర్ చదువుతున్న మా అమ్మాయి రాత్రి పదింటికి పుస్తకం పట్టుకొచ్చింది. ప్లస్ 4, మైనస్ 1 మైక్రోకూలుంబ్ ఛార్జులు, మధ్య దూరం 30 సెం.మీ. విద్యుత్ క్షేత్రం, అంటే ఒక యూనిట్ ప్లస్ ఛార్జ్ పెడితే దాని మీద పడే బలం, ఎక్కడ సున్నా? "రెండింటి మధ్యలోనే ఉంటుందిలే" అన్నాను, మహా ధీమాగా. వర్గ సమీకరణం సాధిస్తే రెండు జవాబులొచ్చాయి. మైనస్ ఛార్జ్ నుంచి లోపలివైపు 10 సెం.మీ., బయటివైపు 30 సెం.మీ. నేను 10కి టిక్కు పెట్టేశాను.

అది పెన్సిల్ తీసుకుని ఆ చోట రెండు బాణాలు గీసింది. ప్లస్ తోస్తోంది, మైనస్ లాగుతోంది, రెండూ ఒకే దిక్కుకి! "పరిమాణాలు సమానమే నాన్నా, కానీ కలిసిపోతున్నాయి, కొట్టేసుకోవడం లేదు" అంది. రెండూ ప్లస్ అయ్యుంటే నా మాట నిలిచేది.

బయటివైపు చూస్తే సరిపోయింది. పెద్ద ఛార్జ్ 60 సెం.మీ. దూరంలో, చిన్నది 30లో. దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతు, ఛార్జేమో నాలుగు రెట్లు. సరిగ్గా చెల్లు.

ఒకప్పుడు ఇదే లెక్క నేను బట్టీ పట్టి రాశాను, మార్కులూ వచ్చాయి. బాణాలు మాత్రం ఎప్పుడూ గీయలేదు. "పొటెన్షియల్ సున్నా ఎక్కడో చెప్పు చూద్దాం" అని వెంటనే ఇంకోటి వేసింది. నిద్రొస్తోందని లేచొచ్చేశాను.