చెరువు, గట్టు

మా వాడు రెండో తరగతిలో ఉండగా డైరీలో బడి నుంచి ఏదో ఒక ఫిర్యాదు రాని వారం లేదు. లైన్లో నిలబడడు, పక్కవాడి పెన్సిల్ లాక్కుంటాడు, ప్రశ్న పూర్తి కాకుండానే జవాబు అరిచేస్తాడు. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. రెండు భాషలతో తికమకపడుతున్నాడు, ఇంట్లోనూ ఒడియాలోనే మాట్లాడండని టీచర్ సలహా. చాక్లెట్లు మానిపించమని చుట్టాలు. నాకు రెండూ మింగుడుపడలేదు. నానమ్మతో తెలుగులో మాట్లాడేటప్పుడూ వాడు అంతే! అటూ ఇటూ చూడకుండా సైకిల్‌తో రోడ్డెక్కేసిన రోజున మాత్రం నిజంగా టెన్షన్ పట్టుకుంది.

గుణుపురం ప్యాసింజర్‌లో విశాఖ వెళ్లి పిల్లల మానసిక వైద్యురాలికి చూపించాం. ముందు చెవి, కంటి పరీక్షలు చేయించారు. ఇంట్లో ఎలా ఉంటాడు, బడిలో ఎలా ఉంటాడు, ఎన్నాళ్ల నుంచి అని గుచ్చి గుచ్చి అడిగారు. ఒక్కచోటే అల్లరైతే దాన్ని ఏడీహెచ్‌డీ, అంటే నిలకడ, ఏకాగ్రత కుదరని సమస్య, అనరట. రెండు చోట్లయినా, కనీసం ఆరు నెలలుగా ఉండాలట. మా వాడిది అదేనని, భాష వల్లా చాక్లెట్ల వల్లా వచ్చింది కాదని అన్నారు. నిలకడ కుదిరేందుకు మిథైల్‌ఫెనిడేట్ అనే మాత్ర రాసి, దాంతోపాటు ఆగడం అలవాటయ్యే ఆటలు ఇంట్లో అందరూ కలిసి ఆడమన్నారు.

నేను బొమ్మల షాపుల గురించి ఆలోచిస్తుంటే అత్తయ్య సుద్దముక్కతో వరండాలో గీత గీసేశారు. ఇటు చెరువు, అటు గట్టు. ఏది పిలిస్తే అటు గెంతాలి. ఉన్నచోటునే మళ్లీ పిలిస్తే కదలకూడదు. మా వాడి కష్టమంతా అక్కడే. అత్తయ్య "చెరువు, గట్టు, చెరువు, గట్టు" అని జోరు పెంచి, చటుక్కున మళ్లీ "గట్టు" అనేవారు. మాట పూర్తయ్యేలోపే వాడి మడమలు లేచిపోయేవి. ఔటైతే సుద్దముక్క విసిరేసి వెళ్లిపోయేవాడు. అందుకని ఔటైనవాడే తర్వాత పిలవాలని అత్తయ్య రూలు మార్చారు. ఇక చూడాలి! వాళ్లక్క కాళ్లకేసే చూస్తూ, ఎప్పుడు బోల్తా కొట్టించాలా అని ఓపిగ్గా కాచుకునేవాడు. మాకు కావలసింది ఆ కాచుకోవడమే కదా.

రాత్రి అన్నాలయ్యాక అష్టాచెమ్మా. నలుగురం కూర్చుంటే తన వంతు వచ్చేలోపు లేచిపోతాడని మొదట ఇద్దరమే ఆడేవాళ్లం, తర్వాత ముగ్గురం. గవ్వలు గుప్పిట్లో పట్టుకుని, ఒకసారి ఊపిరి పీల్చి వదిలాకే వెయ్యాలి. ఈ రూలు అందరికీ. మా ఆయన మరిచిపోయి గబుక్కున వేసేస్తే, వాడు గవ్వలేరి ఆయన చేతిలో పెట్టి "మళ్లీ" అనేవాడు. ఆ దర్జా చూసి తీరాలి. విసుగు పుట్టకముందే ఆట కట్టేసేవాళ్లం.

మాత్రతో మధ్యాహ్నం ఆకలి బాగా తగ్గింది. అందుకే పొద్దున్నే కడుపునిండా ఇడ్లీలు తిన్నాకే మాత్ర. చెకప్‌కి వెళ్లిన ప్రతిసారీ బరువు, ఎత్తు చూస్తారు. ఆటలున్నాయిగా, మందు మానేద్దామని మా ఆయన అంటే డాక్టరమ్మ ఒప్పుకోలేదు. నాకూ ఆవిడ మాటే సబబనిపించింది. వరండాలో ఆగినవాడు క్లాసులో వెంటనే ఆగలేదు మరి. కొత్త టీచర్ ముందు బెంచీలో కూర్చోబెట్టి, నోట్‌బుక్కులు పంచే పని అప్పజెప్పాకే అక్కడా కాస్త దారికొచ్చాడు.

ఇప్పుడు నాలుగో తరగతి. మాటకు అడ్డం రావడం పోలేదు. రోడ్డు దగ్గర మాత్రం సైకిల్ ఆపి రెండువైపులా చూస్తున్నాడు. బడి లేని రోజుల్లో మాత్ర ఆపి చూడొచ్చేమో, ఈసారి విశాఖ వెళ్లినప్పుడు అడగాలి.