లైట్‌రూమ్‌లో ఒరిజినల్స్ కనిపించకపోతే: నా అనుభవం

కొత్త కంప్యూటర్‌కి మారాక, ఫొటోలను సర్దుకుని సరిచేసుకునే అడోబీ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ క్లాసిక్ తెరిస్తే దాదాపు ప్రతి ఫొటో మూలనా ఒక ఆశ్చర్యార్థక గుర్తు కనిపించింది. ఎడమవైపు ఫోల్డర్ల మీదేమో ప్రశ్న గుర్తులు. గ్రిడ్‌లో, అంటే ఫొటోలన్నీ గళ్లుగా కనిపించే చోట, అవి చక్కగానే కనిపిస్తున్నాయి, కానీ సరిచేసే భాగమైన డెవలప్‌లోకి వెళితే ఫైలు దొరకలేదంటోంది, స్లైడర్లు కదలడం లేదు. ఏళ్ల తరబడి తీసి, ఒక్కొక్కటీ కూర్చుని సరిచేసుకున్న ఫొటోలు. చూడగానే గుండె జారిపోయింది.

ఆ గుర్తు మీద నొక్కితే ఒక చిన్న విండో వస్తుంది. ఆ ఫైలు ఇంతకుముందు ఎక్కడ ఉండేదో మొత్తం దారి అందులో ఉంటుంది. కంగారులో చాలామంది దాన్ని చదవకుండానే మూసేస్తారు, కానీ అసలు సంగతంతా ఆ ఒక్క వరుసలోనే ఉంది. నా ఫొటోల దారి డి డ్రైవ్‌తో మొదలైంది. కొత్త కంప్యూటర్‌లో అదే ఎక్స్‌టర్నల్ డిస్క్ ఎఫ్ డ్రైవ్‌గా వచ్చింది. ఎక్స్‌ప్లోరర్‌లో తెరిచి చూస్తే ఫోల్డర్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఫొటోలు పోలేదు, వాటి చిరునామా మారిందంతే. విండోస్‌లో డ్రైవ్ అక్షరం మారితే ఇలా జరుగుతుంది, మ్యాక్‌లో అయితే డిస్క్ పేరు మార్చినా ఇదే ఇబ్బంది.

లైట్‌రూమ్ ఫొటోలను తనలో దాచుకోదు. గ్రంథాలయంలో పుస్తకాల రిజిస్టర్ ఎలాంటిదో, దాని కేటలాగ్ అలాంటిది: ఏ ఫొటో ఎక్కడుంది, దానికి ఏయే మార్పులు చేశాం అన్నది ఎల్ఆర్‌క్యాట్ అనే డేటాబేస్ ఫైలులో ఉంటుంది. గ్రిడ్‌లో మనం చూసేవి విడిగా దాచి ఉంచిన ప్రివ్యూలు, అంటే చిన్న నమూనా బొమ్మలు. అందుకే ఒరిజినల్, అంటే అసలు ఫొటో ఫైలు, అందకపోయినా బొమ్మ కనిపిస్తూనే ఉంటుంది.

‘మొత్తం తీసేసి మళ్లీ ఇంపోర్ట్ చేసెయ్ (కేటలాగ్‌లో చేర్చెయ్), అయిపోతుంది’ అన్నాడు ఒక స్నేహితుడు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. కేటలాగ్‌లోంచి ఫొటోను తీసేస్తే దాని మీద మన శ్రమంతా దానితోపాటే పోతుంది. మార్పులను ఎక్స్‌ఎంపీలో (ఫొటోతోపాటే ఉండే వివరాల్లో) రాసుకునే సెట్టింగ్ ముందే ఆన్‌లో ఉంటే స్లైడర్ల విలువలు తిరిగి వస్తాయి. కలెక్షన్లు (మనం చేసుకున్న ఫొటోల గుంపులు), వర్చువల్ కాపీలు (ఒకే ఫైలుకి కేటలాగ్‌లో ఉండే వేరే రూపాలు), హిస్టరీ మాత్రం రావు. కేటలాగ్‌ని ఫోల్డర్‌తో సరిపోల్చే సింక్రనైజ్ ఫోల్డర్ అన్నా అంతే జాగ్రత్త కావాలి. కనబడని ఫొటోలను కేటలాగ్ నుంచి తొలగించే టిక్ బాక్సు అందులో ఒకటి ఉంటుంది, దాన్ని చూసుకోకుండా ముందుకు వెళ్లకూడదు.

నేను ముందు లైట్‌రూమ్ మూసేసి, ఎల్ఆర్‌క్యాట్ ఫైలును వేరే చోటికి కాపీ చేసుకున్నాను. తర్వాత ఏం తప్పినా అక్కడికి వెనక్కి రావచ్చు.

విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి డిస్కుకి పాత అక్షరమే ఇస్తే లైట్‌రూమ్‌ని ముట్టుకునే పనే ఉండదు. అన్నిటికన్నా తేలిక దారి అదే. నా కొత్త కంప్యూటర్‌లో డి అప్పటికే లోపలి డిస్కుకి ఉంది, కాబట్టి నాకు కుదరలేదు. లైట్‌రూమ్‌లోనే చేయాల్సి వచ్చింది. ప్రశ్న గుర్తున్న ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ఫైండ్ మిస్సింగ్ ఫోల్డర్ ఎంచుకుని, కొత్త చోటు చూపించాలి. నా ఫోల్డర్లు సంవత్సరాల వారీగా ఉన్నాయి. ఒక్కొక్కటీ చూపించే బదులు ముందు షో పేరెంట్ ఫోల్డర్ నొక్కి, వాటన్నిటి పైనున్న ఫోల్డర్‌ని తెప్పించుకుని, దానికి ఒక్కదానికే చిరునామా మార్చాను. కింద ఉన్నవన్నీ వాటంతటవే సర్దుకున్నాయి. ప్రశ్న గుర్తులు వరుసగా మాయమవుతుంటే కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

అన్నీ మాత్రం రాలేదు. లైబ్రరీ మెనూలో ఫైండ్ ఆల్ మిస్సింగ్ ఫొటోస్ నొక్కితే, పాత కంప్యూటర్ లోపలి డిస్కులో ఉండినవి మిగిలాయని తేలింది. డేటా మార్చినప్పుడు అవి రెండు మూడు ఫోల్డర్లలోకి చెదిరిపోయాయి. ఇక్కడ ఫోల్డర్ మొత్తం చూపించడం కుదరదు. ఒక ఫొటో గుర్తు మీద నొక్కి, లొకేట్‌తో ఆ ఫైలును చూపించాలి. పక్కనున్న మిగతా ఫొటోలను కూడా వెతకమనే టిక్ పెడితే అదే ఫోల్డర్‌లోవి కలిసి వస్తాయి.

అసలు చిక్కు ఫైలు పేర్లతో వచ్చింది. కెమెరా నంబరు 9999 దాటగానే మళ్లీ 0001 నుంచి మొదలవుతుంది. కాబట్టి ఐఎంజీ_4127 అనే పేరుతో వేర్వేరు సంవత్సరాల ఫొటోలు నా దగ్గర ఉన్నాయి. పేరు కలిసిందని చూపించేస్తే, ఒక ఫొటోకి చేసిన అంచుల కత్తిరింపు ఇంకో ఫొటో మీద పడుతుంది. నేను ప్రతిదానికీ మెటాడేటాలో, అంటే ఫొటోతో నమోదైన వివరాల్లో, ఫొటో తీసిన తేదీ, సమయం చూసి, ఫైలుతో పోల్చాకే చూపించాను. విసుగు పుట్టించే పనే, అయినా దీన్ని తొందరగా ముగించే దారి లేదు. ఇంపోర్ట్ చేసేటప్పుడే పేరులో తేదీ చేరేలా పెట్టుకుంటే ఈ తలనొప్పి ఉండదు. ఇప్పుడు నేను అలాగే చేస్తున్నాను.

చివరికి కొన్ని ఫొటోలు ఏ డిస్కులోనూ దొరకలేదు. వాటిలో నానమ్మవి ఉన్నాయి. లైట్‌రూమ్ మూసేటప్పుడు అడిగే బ్యాకప్ ఇక్కడ పనికి రాదు. అది కేటలాగ్‌ని మాత్రమే దాస్తుంది, ఫొటోలను దాచదు. ఆదుకున్నవి స్మార్ట్ ప్రివ్యూలు. ప్రయాణాల్లో డిస్కు లేకుండా పనిచేసుకోవడానికి ఆ ఫోల్డర్‌కి అప్పట్లో చేయించి ఉంచాను. హిస్టోగ్రామ్ (వెలుగునీడల గ్రాఫ్) కింద ‘స్మార్ట్ ప్రివ్యూ’ అన్న మాట కనిపించగానే ప్రాణం లేచి వచ్చింది. పొడవైన వైపు 2560 పిక్సెళ్ల చిన్న డీఎన్‌జీ (అడోబీ ఫొటో ఫార్మాట్) ఫైళ్లివి. ఒరిజినల్ లేకపోయినా వీటి మీద మార్పులు చేసుకోవచ్చు, జేపెగ్‌గా ఎక్స్‌పోర్ట్ కూడా చేసుకోవచ్చు. అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన పొడవు ఎనిమిదిన్నర అంగుళాల ప్రింటు వస్తుంది. నానమ్మ ఫొటోలు అలాగే తీసి ప్రింటు వేయించాను.

ఆ ఫొటోలను కేటలాగ్‌లోంచి తీసేయలేదు. ఒక కలెక్షన్‌లో విడిగా పెట్టాను. ఏ పాత మెమరీ కార్డులోనో ఒరిజినల్స్ బయటపడితే, లొకేట్ నొక్కి చూపిస్తే చాలు, చేసిన మార్పులన్నీ వాటికి వర్తిస్తాయి.