పైన పార్కు, కింద రైలు

1968 ప్రపంచ వాణిజ్య ప్రదర్శన కోసం కట్టిన అన్నానగర్ టవర్ చెన్నైలో అందరికీ తెలుసు. ఈ ఊరి మొదటి భూగర్భ మెట్రో కూడా ఈ పేటల కిందే, తిరుమంగళం నుంచి నెహ్రూ పార్కు దాకా, 2017 మేలో మొదలైంది.

నిన్న పిన్నితో ఆ దారిలోని షెనాయ్ నగర్‌లో మెట్రో దిగాను. స్టేషన్ తిరు.వి.క. పార్కు కిందే. ప్లాట్‌ఫాం అంచంతా అద్దాల తలుపులు. రైలు ఆగితేనే తెరుచుకుంటాయి. ఏసీ చల్లదనం సొరంగం పాలు కాకుండా ఈ ఏర్పాటు. "ఇదేంటీ, లిఫ్టులా ఉందే!" అంది పిన్ని. ఎస్కలేటర్ దగ్గర మాత్రం టెన్షన్, కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నా భుజం వదల్లేదు.

పైన పార్కు కొత్తగా ముస్తాబైంది. మెట్రో పనుల కోసం కొట్టేసిన పాత చెట్లంత నీడ రావాలంటే మాత్రం ఇంకా ఏళ్లు పడుతుంది.